యూదా విశ్వాసులతో కలిసి ఆరాధించాలంటే మనమూ శనివారం పాటించాలా?

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న చదివాను. మిగతావాళ్ళకు కూడా అర్థం కావడానికి ముందు దాన్ని క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో మీ తెలుగు సంఘం ఆదివారం అద్దెకు వాడుకునే బిల్డింగ్‌లోనే శనివారాలు ఒక మెస్సియానిక్ యూదుల సంఘం కూడుకుంటుంది. అంటే యేసే మెస్సీయ అని నమ్మిన యూదులు. ఒకసారి కలిసి ఆరాధిద్దామా అని వాళ్ళ కాపరి మిమ్మల్ని అడిగారు. అప్పటినుంచి మీలో రెండు గుంపులయ్యాయి. ఒక గుంపు "మనం మూలాలకు తిరిగి వెళ్ళాలి, ఇకనుంచి శనివారమే ఆరాధన, పస్కా చేద్దాం, క్రిస్మస్ మానేద్దాం" అంటోంది. ఇంకో గుంపు "ధర్మశాస్త్రం సిలువ దగ్గరే అయిపోయింది, వాళ్ళే ఆ టోపీలూ శాలువాలూ తీసేసి మనలా రావాలి" అంటోంది. ఏది వాక్యానుసారం అని మీరు అడుగుతున్నారు.

నన్నడిగితే రెండూ కావు. ఎదుటివాడు నాలాగా మారితేనే ఐక్యత అని రెండు గుంపులూ అనుకుంటున్నాయి, ఎవరు మారాలన్న దగ్గరే తేడా. పౌలు జీవితమంతా పోరాడింది ఈ ఆలోచనతోనే. యూదుడు యూదుడిగానే ఉండి, అన్యుడు, అంటే యూదుడు కానివాడు, అన్యుడిగానే ఉండి, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే దేవుణ్ణి మహిమపరచడం ఆయన కోరుకున్నది. బైబిల్ స్కూల్లో రోమా, గలతీ పత్రికలు ఏళ్ళ తరబడి చెప్పినవాణ్ణి, యూదా విశ్వాసులతో కలిసి ఆరాధించినవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ఈ విషయం వచ్చినప్పుడు నేను అంతియొకయ దగ్గరే మొదలుపెడతాను. ఎందుకంటే అక్కడ గొడవ పాటల మీదా ప్రార్థనల మీదా రాలేదు, భోజనం దగ్గర వచ్చింది. దీని ఛాయ అంతకుముందే కనిపిస్తుంది. పేతురు కైసరయలో కొర్నేలీ అనే రోమా శతాధిపతి ఇంటికి వెళ్ళి, వాళ్ళకు బాప్తిస్మం ఇప్పించి యెరూషలేముకు తిరిగొచ్చాడు. అక్కడి విశ్వాసులు ఏమని నిలదీశారో అపొస్తలుల కార్యములు 11:3 చూడండి. బాప్తిస్మం సంగతి వాళ్ళు ఎత్తనే లేదు. "సున్నతి లేనివాళ్ళ దగ్గరికి వెళ్ళి వాళ్ళతో కలిసి తిన్నావు" అన్నారు. ఎవరింట్లో మంచినీళ్ళు తాగొచ్చు, ఎవరి గడప తొక్కకూడదు అనే లెక్కల మధ్య పెరిగిన మనకు ఆ మాట బరువు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

అంతియొకయ సిరియాలో పెద్ద నగరం, ఇప్పుడది టర్కీలో అంతాక్యా. కుప్ర, కురేనే ప్రాంతాల నుంచి వచ్చిన యూదా విశ్వాసులు అక్కడ మొదటిసారి గ్రీకువాళ్ళకు కూడా సువార్త చెప్పారు. శిష్యులను క్రైస్తవులని మొదట పిలిచింది కూడా ఆ ఊళ్ళోనే. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయం మొదట్లో ఆ సంఘ నాయకుల పేర్లున్నాయి. లేవీయుడైన బర్నబా, నీగెరు అనే సుమెయోను, కురేనేవాడైన లూకియ, హేరోదుతో కలిసి పెరిగిన మనయేను, సౌలు అంటే పౌలు. ఇంతమంది రకరకాలవాళ్ళు ఒకచోట తింటున్నారు. పేతురు కూడా వచ్చి వాళ్ళతో కూర్చుని తిన్నాడు. ఇంతలో యెరూషలేము సంఘ నాయకుడైన యాకోబు దగ్గర నుంచి కొందరు వచ్చారు. వాళ్ళు ఏమనుకుంటారో అని పేతురు మెల్లగా జరిగి వేరే కూర్చున్నాడు. అతన్ని చూసి మిగతా యూదులు లేచారు, చివరికి బర్నబా కూడా లేచాడు. గలతీ 2లో పౌలు ఈ సంగతి రాస్తున్నప్పుడు "బర్నబా కూడా" అన్న చోట ఆయన బాధ తెలుస్తుంది. తనను ఆ సంఘానికి తీసుకొచ్చినవాడు బర్నబాయే కదా.

ఇక్కడ నేను క్లాసులో ఆగి అడిగేది ఒకటి ఉంది. పేతురు చేసిన తప్పేంటి? అతను తప్పుడు బోధ ఏమీ చేయలేదు. సున్నతి పొందమని ఎవరికీ చెప్పలేదు. కుర్చీ మార్చాడు, అంతే. కానీ పౌలు అందరిముందూ అడిగిన ప్రశ్న చూడండి. అన్యుల్ని యూదుల్లా బతకమని ఎందుకు బలవంతం చేస్తున్నావు? నోటితో ఒక్క మాట అనకుండానే బలవంతం జరిగిపోయింది. మాతో కలిసి తినాలంటే మాలాగా అవ్వండి అని ఆ ఖాళీ కుర్చీలే చెప్పాయి. పైకి ఒక్కటిగా కనిపిస్తూనే సంఘం రెండు తరగతులుగా చీలడానికి అంతకంటే ఇంకేం కావాలి?

ఇప్పుడు దీన్ని తీసుకుని మీ రెండో గుంపు "చూశారా, యూదా ఆచారాలు వద్దని పౌలే చెప్పాడు" అనొచ్చు. తొందరపడొద్దు. అదే పౌలు తిమోతికి సున్నతి చేయించాడు. తల్లి యూదురాలు, తండ్రి గ్రీకువాడు, ఆ ప్రాంతపు యూదుల మధ్య పనిచేయాలి కాబట్టి చేయించాడు. తీతు గ్రీకువాడు, అతనికి మాత్రం చేయించడానికి ఒప్పుకోలేదు. మనిషి ఒకడే, ఆచారం ఒకటే, నిర్ణయాలు రెండు. పండుగల విషయంలోనూ అంతే. గలతీయులు దినాలూ మాసాలూ పాటించడం మొదలుపెడితే "మీకోసం నేను పడ్డ కష్టం వృథా అయిందేమో" అని వాపోతాడు. రోమా 14లో ఒకడు ఒక దినాన్ని ఎక్కువగా ఎంచుతాడు, ఇంకొకడు అన్నిటినీ సమానంగా ఎంచుతాడు, ఎవరి మనస్సులో వాళ్ళు రూఢిగా ఉంటే చాలు అంటాడు. గలతీయలో ఆ దినాలు రక్షణకూ సహవాసానికీ షరతుగా మారాయి. రోమాలో అవి ఒకరి మనస్సాక్షికి సంబంధించిన విషయాలు. షరతు పెట్టినవాడితో పౌలు కొట్లాడతాడు, పాటించేవాడిని మాత్రం కాపాడతాడు. మీ సంఘంలో నడుస్తున్న చర్చకంతటికీ ఈ ఒక్క తేడా చాలు.

యెరూషలేము సభ నిర్ణయమూ ఈ దారిలోనే వచ్చింది. దాదాపు క్రీ.శ. 49లో జరిగిన ఆ సభ అన్యులు సున్నతి పొందక్కర్లేదని తేల్చింది. అయితే విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం మానమంది. ఈ నాలుగూ లేవీయకాండం 17, 18 అధ్యాయాల్లో ఇశ్రాయేలీయుల మధ్య నివసించే పరదేశులకు చెప్పినవాటిని పోలి ఉన్నాయని చాలామంది పండితులంటారు. నాకూ అదే సరిగా అనిపిస్తుంది. పక్కన కూర్చున్న యూదుడు లేచిపోకుండా ఒకే పంక్తిలో తినడానికి కావలసిన మర్యాద అది. మేకరక్తం వేపుడు ముట్టని తెలుగు విశ్వాసులు ఇప్పటికీ ఎంతోమంది ఉన్నారు. ఆ నియమం మొదట ఎవరితో కలిసి తినడానికి పుట్టిందో మాత్రం వాళ్ళలో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

రోమా సంఘం కథ మీ పరిస్థితికి ఇంకా దగ్గర. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా విడిచి పొమ్మని ఆజ్ఞాపించాడు. దీన్ని సాధారణంగా క్రీ.శ. 49గా లెక్కిస్తారు. అకుల, ప్రిస్కిల్ల అనే యూదా దంపతులు కొరింథుకు వచ్చి పౌలును కలిసింది అందువల్లే. క్లౌదియ 54లో చనిపోయాడు, యూదులు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. పౌలు దాదాపు 57లో ఆ సంఘానికి రాసేనాటికి అకుల దంపతులు రోమాలోనే ఉన్నారు, సంఘం వాళ్ళింట్లో కూడుకుంటోంది. మధ్యలో ఏం జరిగి ఉంటుందో పండితులు ఊహించేది ఇది. యూదులు వెళ్ళిపోయిన ఆ కొన్నేళ్ళూ సంఘాన్ని అన్యులే నడిపారు. తిరిగి వచ్చినవాళ్ళు తాము మొదలుపెట్టిన సంఘంలోనే అతిథుల్లా మిగిలారు. మాంసం మీద, దినాల మీద పేచీలు మొదలయ్యాయి. అన్యులు "వీళ్ళింకా పాత పద్ధతుల్లోనే ఉన్నారు" అని చులకనగా చూశారు. యూదులు "వీళ్ళకు భయం భక్తీ లేదు" అని తీర్పు తీర్చారు. ఊహే అయినా రోమా 11వ అధ్యాయంలో అన్యుల్ని అంటుకట్టిన అడవి ఒలీవ కొమ్మతో పోల్చి "కొమ్మలమీద అతిశయించకు, నువ్వు వేరును మోయడం లేదు, వేరే నిన్ను మోస్తోంది" అని పౌలు ఎందుకు మందలించాడో దీనితో బాగా అర్థమవుతుంది.

మాంసం, దినాల విషయంలో పట్టింపు లేనివాళ్ళను పౌలు బలమున్నవాళ్ళు అంటాడు, పట్టింపు ఉన్నవాళ్ళను బలహీనులు అంటాడు. తాను బలమున్నవాళ్ళ పక్షమని రోమా 15:1లో దాచకుండా చెప్పాడు. అయినా బలహీనుల్ని మార్చడానికి ప్రయత్నించలేదు. బలవంతులు తృణీకరించకూడదు, బలహీనులు తీర్పు తీర్చకూడదు, క్రీస్తు మిమ్మల్ని చేర్చుకున్నట్టే ఒకరినొకరు చేర్చుకోండి అన్నాడు. ఆ వెంటనే నాలుగు వాక్యాలు ఎత్తి చూపాడు, ఒకటి ద్వితీయోపదేశకాండం నుంచి, రెండు కీర్తనల నుంచి, ఒకటి యెషయా నుంచి. అన్నిట్లోనూ అన్యజనులు దేవుణ్ణి స్తుతిస్తున్నారు లేదా ఆయనలో నిరీక్షిస్తున్నారు. వాటిలో ద్వితీయోపదేశకాండం మాట చూడండి. అన్యజనులారా, ఆయన ప్రజలతో కలిసి సంతోషించండి. కలిసి పాడుతున్నప్పుడు కూడా అన్యులు అన్యులే, ఆయన ప్రజలు ఆయన ప్రజలే. ఒకరు ఇంకొకరిలో కరిగిపోయారని అక్కడ లేదు.

రోమా పత్రిక చివరి అధ్యాయంలోని పేర్ల పట్టికను మనం వందనాలే కదా అని దాటేస్తాం గానీ, రోమాలో ఒకే పెద్ద సంఘం లేదని, ఇళ్ళల్లో కూడుకునే చిన్న చిన్న సంఘాలు చాలా ఉండేవని చెప్పేది అదే. కాబట్టి మెస్సియానిక్ యూదులు తమ భాషలో, తమ పద్ధతిలో వేరే కూడుకోవడం ఐక్యతకు విరుద్ధమని నేను అనుకోను. మీరు తెలుగులో వేరే కూడుకోవడం తప్పు కానప్పుడు అది మాత్రం ఎలా తప్పవుతుంది? మీ బల్ల దగ్గరికి వాళ్ళొస్తే, వాళ్ళ బల్ల దగ్గరికి మీరు వెళ్తే చోటుంటుందా లేదా అన్నదే చూసుకోవాలి.

"మధ్యగోడ" గురించి కూడా చెప్పాలి. యూదులకూ అన్యులకూ మధ్య ఉన్న గోడను క్రీస్తు పడగొట్టాడని చెప్పే ఎఫెసీ 2నే మీ రెండో గుంపు ఎత్తుతోందని రాశారు కదా. యెరూషలేము దేవాలయంలో అన్యులు ఒక హద్దు దాకానే వెళ్ళాలి. అక్కడ ఒక అడ్డుగోడ ఉండేదని, అది మూడు మూరల ఎత్తని మొదటి శతాబ్దపు యూదా చరిత్రకారుడు యోసేపస్ రాశాడు. దాటిన పరదేశి తన చావుకు తానే బాధ్యుడని గ్రీకులో చెక్కిన హెచ్చరిక రాయి 1871లో దొరికింది. ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. ఇంకో రాయి ముక్క 1935లో దొరికింది. ఎఫెసువాడైన త్రోఫిమును ఆ గోడ దాటించాడన్న అబద్ధపు నేరం మీదే జనం పౌలును పట్టుకున్నారు. ఎఫెసీ పత్రికలో ఆయన తనను అన్యజనుల నిమిత్తం ఖైదీనని చెప్పుకోవడం ఆ నేపథ్యంలో చదవండి. అయితే ఆ రోజు పౌలు దేవాలయంలో ఏం చేస్తున్నాడు? మొక్కుబడి ఉన్న నలుగురు యూదా విశ్వాసులతో కలిసి శుద్ధి చేసుకుంటున్నాడు. యూదులను మోషేను విడిచిపెట్టమని పౌలు నేర్పిస్తున్నాడన్న పుకారు నిజం కాదని చూపించడానికే యాకోబు ఆ సలహా ఇచ్చాడు, పౌలు ఒప్పుకున్నాడు. గోడ కూలిందని ప్రకటించినవాడే యూదుడిగా తన ఆచారాన్ని పాటిస్తూ దొరికిపోయాడు. కాబట్టి గోడ కూలడమంటే యూదుడు యూదుడిగా ఉండటం మానేయడమని ఎఫెసీ 2తో వాదించడం కుదరదు.

తర్వాతి చరిత్రలో అంతా తలకిందులైంది. మొదట యూదులు అన్యులకు షరతు పెట్టబోయారు, అపొస్తలులు ఆపారు. తర్వాత అన్యులు యూదులకు షరతు పెట్టారు, ఆపేవాళ్ళు లేకపోయారు. రెండో శతాబ్దం మధ్యలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత ధర్మశాస్త్రం పాటించే యూదా విశ్వాసుల గురించి రాస్తూ, ఇతరుల్ని బలవంతం చేయనంత వరకు వాళ్ళను సహోదరులుగా చేర్చుకోవాలన్నాడు. అయితే దానికి ఒప్పుకోని క్రైస్తవులు కొందరున్నారని కూడా ఆయనే ఒప్పుకున్నాడు. దాదాపు ఆ కాలంలోనే ఆసియాలోని స్ముర్న నుంచి అక్కడి బిషప్పు, వృద్ధుడైన పోలికార్పు రోమాకు వచ్చాడు. ఆసియాలోవాళ్ళు యూదుల లెక్క ప్రకారం నీసాను నెల 14న పస్కా పాటించేవాళ్ళు, రోమావాళ్ళు ఆదివారం. రోమా బిషప్పు అనికేతు ఒప్పించలేకపోయాడు, పోలికార్పు ఒప్పుకోలేదు. అయినా అనికేతు తన సంఘంలో ప్రభురాత్రి భోజనం జరిపించే గౌరవం పోలికార్పుకే ఇచ్చాడు. ఇద్దరూ సమాధానంగా విడిపోయారు. క్యాలెండర్ తేలకపోయినా బల్ల చీలలేదు. మీ సంఘ పెద్దలకు ఒక్క కథే చెప్పాల్సి వస్తే దీన్నే చెప్పండి.

ఆ మర్యాద ఎక్కువకాలం నిలవలేదు. 325లో నైసియా సభ ఈస్టర్ తేదీ ఒకటే చేశాక కాన్‌స్టంటైన్ చక్రవర్తి సంఘాలకు రాసిన ఉత్తరంలో, యూదులతో మనకు ఉమ్మడిగా ఏదీ ఉండకూడదనే మాట రాశాడు. ఐక్యత కోసం తీసుకున్న నిర్ణయం వెనక ఈ కారణం! ఆ శతాబ్దంలోనే లవొదికయ సభ శనివారం విశ్రాంతి తీసుకునే క్రైస్తవుల్ని తప్పుపట్టింది. 386, 387లలో అదే అంతియొకయలో జాన్ క్రిసోస్టమ్ అనే ప్రసిద్ధ బోధకుడు యూదుల పండుగలకు వెళ్ళే తన సంఘస్థుల మీద మండిపడుతూ చేసిన ప్రసంగాలు ఈరోజు చదివితే తల దించుకోవాల్సిందే. 787లో రెండో నైసియా సభ, బాప్తిస్మం పొంది కూడా లోపల సబ్బాతు, అంటే శనివారపు విశ్రాంతి దినం, పాటించే యూదులను ప్రభు బల్లకు రానీయకూడదంది. పైకి నటించేవాళ్ళ మీద పెట్టిన నియమమే అది. కానీ సబ్బాతు పాటించడమే నటనకు గుర్తయినప్పుడు, పౌలుకూ యాకోబుకూ కూడా ఆ బల్ల దగ్గర చోటు దొరికేది కాదు.

దీని అడుగుమట్టం 1933లో నాజీల జర్మనీలో కనిపించింది. ఆ సెప్టెంబరులో ప్రష్యా ప్రొటెస్టెంట్ సంఘం యూదా మూలాలున్న కాపరులను పదవుల నుంచి తొలగించే నియమాన్ని చేసుకుంది. వాళ్ళు బాప్తిస్మం పొందినవాళ్ళు, కొందరు తరాలుగా క్రైస్తవులు. దానికి ఎదురుగా మార్టిన్ నీమొల్లర్ అనే జర్మన్ కాపరి తోటి కాపరులను కూడగట్టాడు. యూదా విశ్వాసుల్ని జాతిని బట్టి బయటికి తోసే సంఘం సంఘం కాకుండా పోతుందనే వాదన జర్మన్ వేదాంతి డీట్రిచ్ బోన్‌హోఫర్ ఆ సంవత్సరమే చేశాడు. మీ మెస్సియానిక్ స్నేహితుల్లో పెద్దవాళ్ళు సిలువ గుర్తును చూసి కాస్త బిగుసుకుపోతే అది యేసు మీద అవిశ్వాసం కాదు. వాళ్ళ తాతముత్తాతలకు ఆ గుర్తు ఏ చేతుల్లో కనిపించిందో గుర్తు చేసుకోండి.

అలాగని చరిత్ర అంతా చీకటి కాదు. రోమాలో సాంతా సబీనా చర్చిలో 5వ శతాబ్దపు మొజాయిక్ ఒకటుంది. ఇద్దరు స్త్రీలు, ఇద్దరి చేతుల్లోనూ గ్రంథాలు. ఒకరి కింద సున్నతి పొందినవారి సంఘమని, ఇంకొకరి కింద అన్యజనుల సంఘమని లాటిన్‌లో రాసి ఉంటుంది. ఒకరు పెద్దగా ఒకరు చిన్నగా లేరు. యెరూషలేములో యాఫా ద్వారం దగ్గర 1849లో ప్రతిష్ఠించిన ఆంగ్లికన్ క్రైస్ట్ చర్చిలో బల్ల వెనక హెబ్రీ అక్షరాలుంటాయి. అక్కడి మొదటి ఆంగ్లికన్ బిషప్పు మైకేల్ సొలొమోన్ అలెగ్జాండర్ యూదుడిగా పుట్టి రబ్బీగా పనిచేసినవాడు.

ఇక మీ కూడిక సంగతి. రోజు గురించి టెన్షన్ పడొద్దు. శనివారం సూర్యుడు అస్తమించి, బాగా చీకటి పడి నక్షత్రాలు కనిపించాక పెట్టుకోండి. వాళ్ళ సబ్బాతు అప్పటికి ముగుస్తుంది, మీ ఆదివారం మీకు అలాగే ఉంటుంది. ఇది శాశ్వత ఏర్పాటు కూడా కాదు కాబట్టి "రోజు మార్చేశారు" అనే మాట రాదు.

భోజనం దగ్గరే మనవాళ్ళు ఎక్కువ పొరపాటు చేస్తారు. ప్రేమవిందు అనగానే చికెన్ బిర్యానీ, పెరుగు పచ్చడి. పందిమాంసం లేదు కదా అనుకుంటాం. కానీ ఆచారం గట్టిగా పాటించే యూదులు మాంసాన్ని పాలు, పెరుగుతో కలిపి తినరు. మన బిర్యానీలో పెరుగు నానబెట్టే దగ్గరే పడుతుంది. రొయ్యలు, పీతలు, పొలుసులేని చేపలు కూడా వాళ్ళకు నిషిద్ధం. మెస్సియానిక్ యూదుల్లో కొందరు ఇవన్నీ పాటిస్తారు, కొందరు పందిమాంసం, రొయ్యల వరకే మానేస్తారు, కొందరు ఏమీ పాటించరు. ముందే అడగండి, అడగడం అవమానం కాదు. నా సలహా అయితే ఆ రోజుకు పులిహోర, పప్పు, కూర, పండ్లు చాలు. గిన్నెల గురించి పట్టింపు ఉన్నవాళ్ళు ఉంటే కాగితం ప్లేట్లు వాడండి. రోమా 14:20లో భోజనం కోసం దేవుని పనిని పాడుచేయవద్దన్నది సరిగ్గా ఇలాంటి చోటే పనికొస్తుంది. మీ పిల్లలు బిర్యానీ లేదని అలిగితే ఆదివారం పెట్టండి.

పాటలకు ఒక సులువైన దారి ఉంది. 117వ కీర్తన రెండే వచనాలు, గ్రంథం మొత్తంలో అతి చిన్నది, సమస్త అన్యజనుల్ని స్తుతించమని పిలిచేది. పౌలు రోమా 15లో చూపిన నాలుగు వాక్యాల్లో అది కూడా ఒకటి. వాళ్ళు హెబ్రీలో, మీరు తెలుగులో చదవండి. సంఖ్యాకాండం 6లోని ఆశీర్వచనం మన కాపరులూ చెబుతారు, వాళ్ళూ చెబుతారు, ముగింపుకు అది సరిపోతుంది. మిగతావాటిలో ఎవరి పాట వాళ్ళు పాడనివ్వండి. తెలుగు కీర్తన దరువుతో వినడం వాళ్ళకూ సంతోషమే.

ప్రసంగం చేసేవాళ్ళకు మాత్రం ముందే ఒక మాట చెప్పండి. మన దగ్గర శుభశుక్రవారం ప్రసంగాల్లో "యూదులు యేసును చంపారు" అని అలవాటుగా వచ్చేస్తుంది. సిలువ వేయించింది రోమా అధిపతి పిలాతు, వేసింది రోమా సైనికులు. అక్కడ ఏడ్చిన యూదులు కూడా ఉన్నారు. "పరిసయ్యుడు" అన్న మాటను తిట్టుగా వాడకండి. పౌలు అపొస్తలుడయ్యాక కూడా తనను పరిసయ్యుడినని చెప్పుకున్నాడు.

షోఫార్ అనే పొట్టేలు కొమ్ము బూర ఊదడం, తల్లీత్ అనే ప్రార్థన శాలువా కప్పుకోవడం, సంఘంలో సేదెరు అనే పస్కా విందు పెట్టడం ఇప్పుడు మన తెలుగు సంఘాల్లోనూ ఫ్యాషనైంది. వాళ్ళు పిలిస్తే అతిథిగా వెళ్ళండి, నేర్చుకోండి. మీరే వేషం కట్టి చేయొద్దు. ఈనాటి సేదెరు క్రమం చాలావరకు క్రీ.శ. 70లో దేవాలయం కూలిపోయిన తర్వాత రూపుదిద్దుకుంది. "యేసు సరిగ్గా ఇలాగే చేశాడు" అని దాన్ని చూపించడం చరిత్ర ప్రకారం నిలవదు. పైగా తమ ఇంటి పండుగను ఇతరులు ప్రదర్శనగా మారిస్తే యూదులకు నొప్పిగా ఉంటుంది. మన సంక్రాంతిని ఎవరైనా తెలియక స్టేజీ మీద అనుకరిస్తే మనకెలా ఉంటుందో అలాగే.

వేదిక మీద ఇజ్రాయెల్ జెండా పెట్టాలని మీవాళ్ళు కొందరు అన్నారట. వద్దు. క్రీస్తులో యూదునితో కలిసినవాళ్ళు మనమొక్కరమే కాదు. బేత్లెహేము, నజరేతుల్లో అరబ్ క్రైస్తవులు తరతరాలుగా ఉన్నారు. ఎఫెసీ 2 ఈరోజు అన్నిటికంటే ఎక్కువగా పరీక్షకు నిలిచేది మెస్సియానిక్ యూదుడికీ పాలస్తీనా విశ్వాసికీ మధ్య. అక్కడ ముసలాహా అనే సంస్థ 1990 నుంచి ఈ రెండు వైపులవాళ్ళను కలిపి కూర్చోబెట్టే పని చేస్తోంది. ఒక సహోదరుణ్ణి ఆహ్వానించడానికి ఇంకో సహోదరుణ్ణి గుమ్మం బయట నిలబెట్టే గుర్తేదీ ఆరాధనలో ఉండకూడదని నా అభిప్రాయం.

మీ మొదటి గుంపువాళ్ళతో మెత్తగా ఉండండి. శనివారం విశ్రాంతి తీసుకుంటామంటే తీసుకోనివ్వండి, అది ప్రభువు కోసమే చేస్తున్నారని అనుకోండి. కానీ సంఘస్థులందరికీ అదే నియమం కావాలని, ఆదివారం వచ్చేవాళ్ళు తక్కువ విశ్వాసులని అన్న రోజున గలతీ పత్రిక తెరవక తప్పదు. "మనం తప్పిపోయిన పది గోత్రాలవాళ్ళం" అనే వీడియోల గురించి కూడా రాశారు. రక్షణ కోసం మనం ఇశ్రాయేలీయులం కానక్కర్లేదు. అడవి ఒలీవ కొమ్మగానే అంటుకట్టబడ్డాం, అందులో చిన్నతనమేమీ లేదు. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో తాము ఎఫ్రాయిము గోత్రపువాళ్ళమని చెప్పుకునే బెనే ఎఫ్రాయిము కుటుంబాలున్నాయి కదా అని కొందరు ఉదాహరణ చూపిస్తారు. వాళ్ళు పాటించేది యూదా మతం. మెస్సియానిక్ విశ్వాసులతో వాళ్ళను కలపకండి.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చెబుతాను. యూదునితో ఐక్యత గురించి ఇంత పట్టుదలగా మాట్లాడే తెలుగు సంఘాల్లో మాలవాళ్ళ సంఘం, మాదిగవాళ్ళ సంఘం, ఫలానావాళ్ళ సంఘం అనే లెక్కలు ఇంకా పోలేదు. అమెరికా వచ్చినా పెళ్ళిసంబంధాల దగ్గర, ఎవరింటికి ఎవరు భోజనానికి వెళ్తారన్న దగ్గర అవి తేలతాయి. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, అప్పటికే దోర్నకల్‌లో పనిచేస్తున్న వేదనాయగం సామ్యూల్ అజరయ్య, మీరు మీ ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇప్పుడు మాకు స్నేహితులను ఇవ్వండి అని తెల్లవాళ్ళ ముందు నిలబడి అడిగాడు. రెండేళ్ళకు ఆయన బిషప్పయ్యాడు. సహాయం అందుకున్నవాడు స్నేహం అడగాల్సి వచ్చిందంటే బల్ల దగ్గర ఏదో తేడా ఉన్నట్టే. మెస్సియానిక్ సంఘాన్ని పిలిచే ముందు మీలో మీరు ఒకరింట్లో ఒకరు తింటున్నారో లేదో పెద్దలు ఒకసారి చూసుకుంటే మంచిది.

చివరిగా, ఆ రోజు ప్రభురాత్రి భోజనం పెట్టుకోవచ్చా అని అడిగారు. రెండు సంఘాల కాపరులూ ఒప్పుకుంటే తప్పకుండా పెట్టుకోండి, ఇద్దరూ కలిసి జరిపించాలి. పస్కా వారంలో అయితే పులియని రొట్టె వాడండి, అప్పుడు వాళ్ళు పులిసింది ముట్టరు. ద్రాక్షరసమా, వైనా అన్నది ముందే మాట్లాడుకోండి. మనలో వైన్ వద్దనేవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళ మనస్సాక్షికీ రోమా 14 వర్తిస్తుంది. ఏదో ఒక కారణంతో ఒక పక్షం సిద్ధంగా లేకపోతే ఒత్తిడి పెట్టొద్దు. ఒకరు తీసుకుంటుంటే ఇంకొకరు చూస్తూ కూర్చునేలా మాత్రం చేయకండి. ఈసారికి పులిహోర కలిసి తిని, బల్ల సంగతి వచ్చే కూడికకు పెట్టుకోండి.